నీటిగుర్తు నిలిచే చోటు

జగిత్యాల కోట గోడ మీద నడిచేవాడికి తాను నక్షత్రం మీద నడుస్తున్నానని తెలియదు. కాళ్ల కింద రాయి, పక్కన కందకం, అక్కడక్కడా ఎండకు కాగిన ఫిరంగి. గోడ ఒకచోట ముందుకు పొడుచుకొస్తుంది, ఇంకోచోట లోపలికి మడుస్తుంది. నడిచేవాడికి తెలిసేది అంతే. ఆకాశం నుంచి తీసిన ఫొటో చూస్తే గానీ ఆ మడతలన్నీ కలిసి ఒక చుక్క అయ్యాయని అర్థం కాదు. 1747లో నవాబు జఫరుద్దౌలా కోసం ఫ్రెంచి ఇంజినీర్లు కట్టారంటారు. ఆ చుక్క అందం కోసం దిద్దింది కాదు. ఈ కొమ్ము మీది ఫిరంగి పక్క కొమ్ము గోడను కాయాలి, శత్రువు నక్కడానికి ఏ మూలా మిగలకూడదు. ఆ అవసరమే నక్షత్రమై కూర్చుంది. కోట మీద వేసిన సున్నం రాలిపోవచ్చు, శాసనం ఉంటే దాన్ని ఎవరైనా చెక్కేయవచ్చు. నక్షత్రాన్ని చెరపాలంటే మాత్రం కోటనే కూల్చాలి.

డిజిటల్ కాగితాల మీద వేసే వాటర్‌మార్కుల, అంటే నీటిగుర్తుల, గురించి కొన్నాళ్లుగా చదువుతున్నాను. చదివేకొద్దీ ఆ కోటే కళ్ల ముందు నిలుస్తోంది. తీసినా పోని గుర్తు ఎక్కడ ఉండాలి? ఇంజినీర్లు లెక్కలు వేసి చెప్పిన జవాబు నాకు అచ్చంగా మన అలంకారశాస్త్రం మాటలా వినిపించింది. ఆ జవాబులోని సొగసు ఒంటరిగా ఆస్వాదించి ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు అసలు నీటిగుర్తు సంగతి. పేరులో నీరుంది గానీ కాగితం ఆరాక అందులో నీరేమీ మిగలదు. తొట్టిలో నీళ్లలో పీచు తేలుతుంటుంది. జాలీ బిగించిన చట్రాన్ని అందులో ముంచి పైకెత్తితే నీరు కారిపోయి పీచు పొరలా నిలుస్తుంది. ఇటలీలోని ఫాబ్రియానో పనివాళ్లు 13వ శతాబ్దం చివర్లో ఆ జాలీకి వంచిన తీగ ఒకటి కుట్టారు. తీగ ఉన్నచోట పీచు పలచగా పడింది. ఆరిన కాగితాన్ని వెలుగుకు ఎత్తితే ఆ పలచటి దారిన వెలుతురు కొంచెం ఎక్కువగా దిగింది, తీగ ఆకారం కనిపించింది. నన్ను కట్టిపడేసేది ఇదే. అక్కడ సిరా లేదు, రంగు లేదు, కొత్తగా చేర్చింది ఏదీ లేదు. ఉన్నదాన్నే కాస్త తగ్గించారు. లేమితో రాసిన రాత అది. దాన్ని గోకి తీయాలంటే తీయడానికి అక్కడ ఏమీ ఉండదు, కాగితానికి చిల్లు పడుతుంది. మన నోటు మీది గాంధీ ఇంకో మెట్టు పైన ఉంటాడు. తెల్లటి కిటికీని వెలుగుకు పెట్టి చూడండి. చెంప దగ్గర ఒక దళసరి, కన్ను దగ్గర ఇంకో దళసరి, నుదుటి మీద మరొకటి. నీడలన్నీ పీచు ఎక్కువ తక్కువలే. కూరగాయల అంగట్లో ఐదువందల నోటును ఎండకు ఎత్తి చూసే అమ్మ ఒక్క క్షణం చూసేది ఎంత గొప్ప చిత్రాన్నో!

జగిత్యాల దగ్గరి కోరుట్ల అంటే పాతతరానికి చేతికాగితం గుర్తొస్తుంది. నిజాం రాజ్యంలో ఆ కాగితానికి పేరుండేది. మన దేశపు చేతికాగితంలో ఫాబ్రియానో వాళ్ల తీగబొమ్మల్లాంటివి కనిపించవు. గడ్డిపోచలు అల్లిన చాప మీద గుజ్జును తేర్చి తీసి, ఆరబెట్టి, గంజి పట్టించి, నున్నటి రాయితో రుద్దేవాళ్లు. ఆ పాత కాగితాన్ని వెలుగుకు పెడితే పోచల సన్నగీతలు, పోచలను కలిపి కట్టిన దారాల గీతలు లీలగా తేలతాయి. పేరు లేదు, ముద్ర లేదు. చేసిన పనిముట్టే తన ఒంటి గీతలను కాగితానికి ఇచ్చిపోయింది. పాత రాతప్రతులను పరిశీలించేవాళ్లు ఆ గీతలు ఎంత దగ్గరగా ఉన్నాయో లెక్కపెట్టి కాగితం ఏ కాలానిదో, ఏ వైపుదో అంచనా కడతారు. ఫాబ్రియానో తీగబొమ్మ కన్నా నాకు ఈ పోచల గీతలే ఎక్కువ ఇష్టం. బొమ్మ గుర్తు కావాలని పెట్టింది. గీత పని చేసిన తీరు లోంచి పుట్టింది. పని తీరును ఎవరు దొంగిలించగలరు?

కంప్యూటర్లోని కాగితానికి పీచు లేదు. వెలుగుకు ఎత్తడానికి వెనకవైపు లేదు. అసలుకూ నకలుకూ వెంట్రుకవాసి తేడా లేదు. మనం సాధారణంగా పీడీఎఫ్ మీద వేసే వాటర్‌మార్క్, పేజీకి అడ్డంగా బూడిదరంగులో ఏటవాలుగా కనిపించే పెద్ద అక్షరాలు, నిజానికి పేజీలో ఉండవు. పేజీ మీద పరిచిన పల్చటి పొరలో ఉంటాయి. వేసిన సాఫ్ట్‌వేర్‌లోనే తీసే బటన్ కూడా ఉంటుంది. ఇది గోడకు అంటించిన పోస్టరు, వాన పడితే ఊడిపోతుంది. కాస్త తెలిసినవాళ్లు పేజీ మొత్తాన్ని ఫొటోగా మార్చేస్తారు. అప్పుడు గుర్తూ అక్షరమూ ఒకే చుక్కల గుంపులో కలిసిపోతాయి, విడిగా పట్టుకుని లాగడానికి పొర ఉండదు. గుర్తు గట్టిపడుతుంది. కానీ ఆ పేజీలో మాట వెతకలేం. చూపు లేనివాళ్లకు చదివి వినిపించే యంత్రం ఆ పేజీ దగ్గర మూగబోతుంది. ఈ నష్టాన్ని నేను చిన్నదిగా చూడలేను. మనిషికి చదువు అందించాల్సిన కాగితం గట్టితనం కోసం నోరు మూసుకుంటే అందులో ఔచిత్యం లేదు. దీనికన్నా నేర్పు కావాలి.

ఆ నేర్పు ఏ జాతిదో తెలుసుకోవాలంటే సిరిసిల్లకు పోవాలి. సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య పెరిగిన ఊరు అది. బతుకమ్మ చీరల పని 2017లో వాళ్ల ఇళ్లలోకి వచ్చింది. అక్కడ గుడ్డ తెలిసినవాళ్లెవరూ చీరను ముందువైపే చూసి ఊరుకోరు. కొంగు పట్టుకుని తిప్పి చూస్తారు. అచ్చువేసిన పువ్వయితే వెనక వెలవెలబోతుంది. నేసిన పువ్వయితే వెనక కూడా పోగులు కనబడతాయి, కిందా మీదా అయి, చిందరవందరగా, కానీ నిజంగా ఉంటాయి. అచ్చు పువ్వు గుడ్డ మీద ఉంది. నేసిన పువ్వు గుడ్డే. పడుగులో ఏ పోగు పైకి లేవాలి, ఏది కింద ఉండాలి, పేక ఏ దారిన పోవాలి అన్న నిర్ణయమే పువ్వు. సిరిసిల్ల నేతన్న హరిప్రసాద్ జీ20 సదస్సు గుర్తును తన చేత్తో నేసి ప్రధానికి పంపితే, 2022 నవంబరులో మన్ కీ బాత్‌లో ఆ సంగతి దేశమంతా విన్నది. గుర్తు ముద్రించడం ఎవరికైనా చేతనవును, అది క్షణంలో పని. ఆయన మగ్గం మీద కూర్చుని నేశాడు. ఆ గుడ్డలోంచి ఆ గుర్తును తీయాలంటే సబ్బు పనికిరాదు, కత్తెర పనికిరాదు. పేకను ఒక్కో పోగూ వెనక్కి లాగాలి. గుర్తు పోయేసరికి చేతిలో గుడ్డ కూడా ఉండదు, దారపు ఉండ ఉంటుంది.

1997లో అచ్చైన ఒక పరిశోధన పత్రం ఇదే పనిని అంకెలతో చేసింది. ఇంగెమార్ కాక్స్, జో కిలియన్, టామ్ లైటన్, తలాల్ షమూన్ అనే నలుగురు రాశారు. అప్పటిదాకా చాలామంది గుర్తును బొమ్మలో కంటికి ఆనని చోట్ల దాచేవాళ్లు. ఎవరికీ కనబడదు గదా అని వాళ్ల ధీమా. ఈ నలుగురూ దాన్ని తలకిందులు చేశారు. కంటికి ఆననిదాన్ని దొంగ కూడా నష్టం లేకుండా పారేయగలడు కదా! దొంగ దాకా ఎందుకు, మనం రోజూ వాట్సాప్‌లో పంపే ఫొటోనే చూడండి. పంపేటప్పుడు అది ఫొటోను నలిపి చిన్నది చేస్తుంది. కన్ను పట్టించుకోని సన్నసన్న వివరాలను మొదట వదిలేస్తుంది. గుర్తు అక్కడే దాక్కుని ఉంటే దాంతోపాటే పోతుంది. కాబట్టి గుర్తును బొమ్మ బతికేచోట పెట్టాలన్నారు వాళ్లు. ఏ భాగం పోతే బొమ్మ బొమ్మ కాకుండా పోతుందో, కన్ను దేన్ని చూసి ఇది ఫలానా అని గుర్తుపడుతుందో, సరిగ్గా అందులో.

ఎలా పెట్టాలి? ఇక్కడే అసలు సౌందర్యం. ప్రతి బొమ్మనూ అలల కూడికగా విడదీయవచ్చు. పెద్ద పెద్ద నిదానమైన అలలు కొన్ని, సన్నటి వడి అలలు చాలా. పెద్ద అలల్లో వెయ్యింటిని తీసుకున్నారు. ఒక రహస్య సంఖ్యల వరుసను పుట్టించి, ఆ వరుస ప్రకారం ఒక్కో అల ఎత్తును ఒక్క పిసరు పెంచారు, లేదా తగ్గించారు. ఏ అలలోనూ కన్ను పట్టేంత మార్పు లేదు. బొమ్మ మునుపటిలాగే ఉంది. కానీ అసలు బొమ్మనూ రహస్య వరుసనూ పెట్టెలో దాచుకున్నవాడు వచ్చి, అనుమానం ఉన్న కాపీలోంచి అసలును తీసివేసి, మిగిలినదాన్ని తన వరుసతో పోల్చి, గుణించి, కూడతాడు. గజిబిజి అంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుని అణిగిపోతుంది. గుర్తు మాత్రం వెయ్యిచోట్ల నుంచి కూడుకుంటూ పైకి లేస్తుంది. వరుస తెలియనివాడికి అది బొమ్మకు సహజమైన గరుకుదనమే.

బతుకమ్మ ఆడేచోట నిలబడి వింటే ఈ లెక్క చెవికి తెలుస్తుంది. వలయంలో ఒక్కో ఆడమనిషి గొంతు విడిగా సన్నదే. పక్క రోడ్డు మీద లారీ హారన్ మోగితే అది వినపడదు. కానీ అందరూ ఒకే లయలో వంగి, ఒకే లయలో చప్పట్లు కలిపితే చెరువుకట్ట అవతల కూర్చున్నవాడికి కూడా ఏ పాటో తెలిసిపోతుంది. నలుగురు మంచినీళ్లకని పక్కకు పోయినా పాట తెగదు. ఆ నలుగురు పరిశోధకులు తమ బొమ్మను చిన్నది చేసి చూశారు, బాగా నలిపి చూశారు, నడిమి పావు భాగం మాత్రం మిగిల్చి చూశారు, కాగితం మీద అచ్చువేసి, దానికి జిరాక్స్ తీసి, ఆ జిరాక్సును మళ్లీ స్కాన్ చేసి చూశారు. గుర్తు పలికింది. ఒకే బొమ్మలో ఐదు గుర్తులు ఒకదాని మీద ఒకటి వేస్తే ఐదూ విడివిడిగా పలికాయి. ఈ పత్రం మొదటిసారి చదివినప్పుడు జిరాక్స్ దాకా వచ్చి కాసేపు ఆగిపోయాను. అంకెల్లో పుట్టిన గుర్తు, మసిపొడిగా మారి, కాగితం మీద అంటుకుని, మళ్లీ అంకెల్లోకి నడిచి వచ్చింది. ఒంటిని వదిలి ఇంకో ఒంట్లోకి పోయి తిరిగొచ్చినా తన పేరు మరిచిపోలేదు.

ఆలంకారికుడు ఆనందవర్ధనుడు 9వ శతాబ్దంలో కాశ్మీరంలో కూర్చుని ధ్వనిని, అంటే కావ్యంలో మాటల వెనక స్ఫురించే అర్థాన్ని, అంగనల లావణ్యంతో పోల్చాడు. కన్ను, ముక్కు, చెంప అని విడదీసి వేలు పెట్టి చూపించలేం. అయినా అది ఉంది, సహృదయుడికి తెలుస్తుంది. వెయ్యి అలల్లో పరుచుకున్న ఈ గుర్తు ధ్వనికి దగ్గరి చుట్టం. తాళంచెవి ఉన్నవాడే ఇక్కడ సహృదయుడు.

ఏది ఎవరి సొత్తో చెప్పాల్సిన ఈ సమస్యను మన కవులు కంప్యూటర్ల కన్నా చాలా ముందే ఎదుర్కొన్నారు. తాటాకు మీది పద్యానికి కాపీరైటు ఎక్కడిది? జగిత్యాల పక్కనే గోదావరి ఒడ్డున ధర్మపురి ఉంది. ఆ ఊరి శేషప్ప కవి నరసింహ శతకంలో ప్రతి పద్యం చివరా మకుటంలో తన స్వామినీ తన ఊరినీ నిలిపాడు. పద్యం ఏ ఊరు పోయినా, ఏ పిల్లాడి నోట పలికినా ధర్మపురి వెంట పోతుంది. పదాలు పాడినవాళ్ల ముద్రలు కూడా అలాంటివే. క్షేత్రయ్య పదం మువ్వగోపాలుడి పేరు పలకకుండా ముగిసిందంటే చెవికి వెలితి. పేజీ పేజీకీ కనబడేలా వేసే వాటర్‌మార్కుకు తెలుగులో ఇంతకన్నా అందమైన పూర్వరూపం నాకు తోచడం లేదు. మకుటం పద్యం మీద అంటించిన చీటీ కాదు. ఛందస్సులో దానికి చోటుంది, దాన్ని తీస్తే పద్యం కుంటుతుంది.

యతి ఇంకో రకం కాపలా. నకలు రాసేవాడు తొందరలో యతి స్థానంలోని అక్షరం మార్చితే యతి తప్పుతుంది, పద్యం తెలిసిన చెవి ఉలిక్కిపడుతుంది. 2000 నాటి ఐటీ చట్టం గుర్తించిన డిజిటల్ సంతకం యతి లాంటిది. ఒక్క చుక్క మారినా తప్పు తప్పు అని అరుస్తుంది. కానీ దొంగ సంతకాన్ని పూర్తిగా వదిలేసి పేజీకి ఫొటో తీసుకుని పోతే అరిచే నోరే అక్కడ ఉండదు. నీటిగుర్తు స్వభావం వేరు. నలిగినా, సగం చిరిగినా తాను ఎవరి సొత్తో చెబుతూనే ఉంటుంది. ఒకటి పగిలి చెప్పేది, ఇంకొకటి పగలకుండా చెప్పేది. మంచి కాగితానికి రెండూ కావాలి.

మకుటాన్ని ఇంతగా మెచ్చుకున్నాక దాని బలహీనత కూడా చెప్పాలి. అది ప్రతి పద్యంలోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఛందస్సు తెలిసిన మోసగాడు అదే కొలతకు తన మకుటం ఒకటి కుట్టి నూరు పద్యాలకూ ఒకేసారి తొడగగలడు. సరిగ్గా ఈ బలహీనతనే 2017లో గూగుల్ పరిశోధకులు కంటికి కనబడే వాటర్‌మార్కుల్లో పట్టుకున్నారు. ఫొటోలు అమ్మే సంస్థలు వేలకొద్దీ బొమ్మల మీద ఒకే గుర్తు వేస్తాయి. బొమ్మలు మారుతుంటాయి, గుర్తు మారదు. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసే యంత్రానికి మారనిది ఏదో ఇట్టే తెలిసిపోతుంది. ఇక దాన్ని తీసివేయడం తీసివేత లెక్క. వాళ్లే మందు కూడా చెప్పారు. గుర్తును పక్కకు జరిపితే లాభం లేదు. ఒక్కో బొమ్మ మీద వేసేటప్పుడు దాని ఆకారాన్నే కొంచెం వంచాలి, కన్ను పట్టనంత, ప్రతిసారీ ఇంకో తీరుగా. అప్పుడు యంత్రం తీసివేసినా అంచుల వెంబడి మచ్చలు మిగిలిపోతాయి.

అంటే చేతి మగ్గం చేసేదే. మరమగ్గం మీద వెయ్యో పువ్వు మొదటి పువ్వుకు కవల. చేతి మగ్గం మీద పదో పువ్వు తొమ్మిదో పువ్వుకు చెల్లెలు మాత్రమే. పేకను కొట్టి బిగించిన చేయి ఆ పూట ఎంత అలిసిందో అందులో ఉంటుంది. మనం లోపమని ధర తగ్గించే ఆ తేడాయే యంత్రాన్ని ఓడించే కాపలా అని 2017లో లెక్కలు చెప్పాయి. ఇది చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంకా తగ్గలేదు.

అక్షరాల సంగతి ఇంకా సున్నితం. 1994 ప్రాంతంలో ఏటీ అండ్ టీ బెల్ ల్యాబ్స్‌లో బ్రాసిల్, ఆయన తోటివారు కలిసి పేజీలోని వరుసలను కదిపారు. ఒక వరుసను అంగుళంలో మూడువందలో వంతు పైకి, ఇంకో వరుసను అంతే కిందికి. మధ్యలో కదపని వరుసలు సాక్షులుగా ఉంటాయి. కదిపే వరుసలు ఇరవై ఉంటే, పైకా కిందికా అన్న ఎంపికలతోనే 10 లక్షలకు మించి వేర్వేరు కాపీలు తయారవుతాయి. చదివేవాడికి అన్నీ ఒకటే. పత్రం బయటికి పొక్కితే అది ఎవరికి ఇచ్చిన కాపీయో వరుసల ఎత్తుపల్లాలు చెబుతాయి. ఎవరైనా ఓపికగా తిరిగి టైపు చేస్తే మాత్రం ఇదంతా పోతుంది. ఆ ఓపిక ఉన్నవాడిని ఏ గుర్తూ ఆపలేదు. తెలుగు లిపి ఈ పనికే పుట్టిందేమో అని నా ఆశ. కింద వత్తులు దిగుతాయి, పైన గుడులు లేస్తాయి, తలకట్టు పక్క అక్షరాన్ని తాకీ తాకకుండా వంగుతుంది. మన వరుస ఎప్పుడూ గీత గీసినట్టు ఉండదు, తోరణం కట్టినట్టు ఉంటుంది. ఆ ఊగులాటలో ఒక సన్నటి అదనపు ఊగు ఎవరికి అనుమానం? సీసంలో కందాన్ని దాచిన గర్భకవుల భాషకు ఇది కొత్త విద్య కాకూడదు.

ఈ విద్య పరిశోధన పత్రాల్లోనే లేదు. మా జగిత్యాల వైపు ఎన్నో ఇళ్లలో ఒకరైనా గల్ఫ్‌లో ఉంటారు. కాగితాలన్నీ ఫోన్లలోనే ఊళ్లు దాటుతాయి. కోరుట్లలో ఒక జిరాక్స్ షాపు దగ్గర మస్కట్‌లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన పెద్దమనిషిని చూశాను. అన్న కొడుకు దుబాయి పోతున్నాడు. ఏజెంటుకు పాస్‌పోర్టు కాపీ పంపాలి. పిల్లాడు ఫొటో తీసి పంపబోతుంటే ఆయన ఆపి, జిరాక్స్ తీయించి, బల్ల మీద పెట్టుకుని నీలం పెన్నుతో ఏటవాలుగా రాయడం మొదలుపెట్టాడు. ఏ పనికి ఇస్తున్నదీ, ఏ తేదీన ఇస్తున్నదీ.

"ఫొటో మీదికెల్లి రాస్తున్నవేందే కాకా? పక్కపొంటి గంత జాగ ఉండంగ?"

"పక్కన రాస్తే గక్కడిదాక మడిచి ఇంకో జిరాక్స్ తీస్తరు బిడ్డా. మొకం మీదికెల్లి పోవాలె, నంబరు మీదికెల్లి పోవాలె."

"నంబరు కనవడకుంటే వాపస్ పంపుతరు గదనే!"

"కనవడ్తది. చూడు."

వంగి చూశాను. అక్షరాలు నంబరులోని అంకెల సందుల్లోంచి దూరి పోయాయి, పడుగులోంచి పేక పోయినట్టు. ప్రతి అంకె చదవొస్తోంది. ప్రతి అంకెకూ ఒక నీలం గీత తగిలే ఉంది. ఫొటోలోని పిల్లాడి చెంప మీదుగా తేదీ దాటింది, కళ్లను తాకలేదు. పిల్లాడు దానికి ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. పెద్దమనిషి రెండో కాపీ ముందుకు లాక్కున్నాడు. అది వేరే ఆఫీసుకు. ఈసారి గీతను కింది మూల నుంచి పైకి మొదలుపెట్టాడు.